నలభై రోజుల రసం

జనవరి 1, ఆదివారం

మళ్లీ అదే పని చేశాడు మా ఆయన. కొత్త సంవత్సరం, కొత్త చొక్కా, ముందు వరసలో కూర్చున్నాడు. పాస్టర్ దేవరాజ్ అయ్యగారు ప్రార్థన చేసి, నెల మొదటి ఆదివారం కాబట్టి ప్రభువు బల్ల సంస్కారం పంచడం మొదలుపెట్టారు. రొట్టె పళ్లెం వచ్చింది, పక్కాయనకి అందించేశాడు. రసం గ్లాసుల పళ్లెం వచ్చింది, అదీ అందించేశాడు. ఇలా పదమూడో నెల. నేను లెక్కపెడుతున్నాను. నందిగామ సంఘంలో ఆడవాళ్లంతా కూడా లెక్కపెడుతున్నారు.

లోపల ఏదో పాపం దాచుకున్నవాడే ప్రభువు బల్ల ముట్టుకోవడానికి భయపడతాడు. ఆరేళ్ల కిందట తాగుడు మానేసిన మనిషి ముట్టుకోవట్లేదంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు? పైగా ఆ గ్లాసుల్లో ఉన్న ద్రాక్షారసం చేసింది నేను. పెళ్లాం చేసిన రసాన్ని మొగుడు కాదంటే ఇక నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

స్కూటర్ మీద అడిగాను. "గాలికి వినపడట్లేదు" అన్నాడు. ఇంటికొచ్చాక అడిగాను. "షాపు తాళాలు ఎక్కడ పెట్టావు" అన్నాడు. ఆదివారం మోటార్ వైండింగ్ షాపు ఎవరు తెరుస్తారు? దగ్గరికి వెళ్లి నోరు వాసన చూశాను. ఏమీ లేదు. ఆరేళ్లుగా రోజూ సాయంత్రం గుమ్మంలో ఆపి చూస్తూనే ఉన్నాను, ఏమీ లేదు. చర్చి కేలండర్లో తాగని రోజుకొక పెన్సిలు గీత పెట్టుకుంటాడు. ఇవాళ్టి గడిలోనూ గీశాడు. మరి ఏం దాస్తున్నట్టు?

మిగిలిన రసం ఇంటికి తెచ్చాను. పాడైందేమోనని కాస్త రుచి చూశాను. బాగానే ఉంది.

జనవరి 4

తలనొప్పి. మధ్యాహ్నం రెండు గరిటెలు రుచి చూశాను. తగ్గింది. లవంగం వేసుకున్నాను, గొంతుకి మంచిది.

జనవరి 19, గురువారం

జగ్గయ్యపేట వెళ్లి నల్లద్రాక్ష తెచ్చాను. మా కమలక్క తోడొచ్చి బేరం చేసింది. అక్క నోటికి ఆ బండివాడు దండం పెట్టి ఇచ్చేశాడు.

పళ్లు కడిగి, ఆరబెట్టి, చేత్తో చిదిమి జాడీలో పోశాను. పండుకి సగం పంచదార, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు. పైన తెల్లగుడ్డ కట్టాను. మా అత్త రత్నమణి నేర్పిన పద్ధతే. కాకపోతే ఆవిడ మూడు రోజులకే వడకట్టేసేది. పచ్చిగా, నీళ్లలాగా ఉండేది. నేను బడిలో ఉన్నన్నాళ్లూ ఖాళీ లేక అలాగే చేశాను. రిటైరయ్యాక నలభై రోజులకి పెంచాను. బైబిల్ వాక్యంలో నలభై దినాలు మంచి లెక్క. అప్పటినుంచి సంఘంలో "టీచరమ్మ రసం" అనే పేరు వచ్చింది. చివరి గ్లాసు ఎవరికి మిగులుతుందా అని పెద్దవాళ్లు కూడా చూస్తారు.

2021 అక్టోబరు ఆఖరుకి రిటైరయ్యాను. ఇంకో మూడు నెలలుంటే ప్రభుత్వం పెంచిన రెండేళ్ల సర్వీసు నాకూ కలిసేది. ముప్ఫై నాలుగేళ్లు పిల్లల మీద అరిచి అరిచి, ఒక్కసారిగా గోడల మధ్య కూర్చోమంటే ఎలా? తొమ్మిదింటికి ఒంటి మీదకి ఇస్త్రీ చీర వస్తుంది. ఎక్కడికీ వెళ్లేది లేదు. మళ్లీ విప్పేస్తాను. జాడీ ఉంది కాబట్టి బతుకుతున్నాను.

జాడీ పెట్టిన దగ్గర్నుంచి ఆయన వంటింట్లోకి రాడు. కంచం కూడా వరండాలోకే తెమ్మంటాడు. నిరుడు ఒకసారి "ఆ వాసన నాకు పడట్లేదు ప్రేమా" అన్నాడు. తాగుబోతు మొగుడికి దేవుడి రసంలో కూడా సారా వాసనే వస్తుందని కడిగేశాను. అప్పటినుంచి ఆ మాట ఎత్తడు.

అయ్యగారు ఫిబ్రవరి ఆఖర్లో ఇరవై మందిని పరిశుద్ధ భూమికి తీసుకెళ్తున్నారు. అక్కా నేనూ పేర్లిచ్చాం. అక్కడ ద్రాక్షగానుగ కూడా చూపిస్తారట, రోమన్ల కాలం నాటిది. నాకు అన్నిటికంటే అదే చూడాలని ఉంది.

జనవరి 27

జాడీ పొంగుతోంది. పక్కన నిలబడితే బుసబుస వినపడుతోంది. రోజుకి మూడుసార్లు కలుపుతున్నాను. కలిపినప్పుడల్లా రుచి చూడాలి కదా.

ఫిబ్రవరి 5, ఆదివారం

పద్నాలుగు.

ఈసారి అయ్యగారు ఊరుకోలేదు. కూటం అయ్యాక ఇంటికొచ్చి, టీ తాగి, నెమ్మదిగా కదిపారు. "బాలస్వామి గారూ, మనసులో ఏవన్నా ఉంటే చెప్పండి. ప్రార్థన చేసుకుందాం."

ఆయన నేల చూపులు చూశాడు. "నాకు యోగ్యత లేదండి అయ్యగారూ."

"ఎందుకు లేదండి?"

"లేదండి అంతే."

అయ్యగారు నా వంక చూశారు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికొచ్చేశాను. చేతులు వణికాయి. కోపానికి. కోపానికే.

ఫిబ్రవరి 14

ఈ రోజు రుచి చూడలేదు. చూశాను గానీ కొంచెమే.

ఫిబ్రవరి 26, ఆదివారం

రేపు ప్రయాణం. రసం వడకట్టాను. నలభైకి రెండు రోజులు తక్కువే, అయినా చిక్కటి రంగు దిగింది. రెండు సీసాలు అయింది. ఒకటి వంటింటి అల్మరాలో పెట్టాను. వచ్చే ఆదివారం మా అయ్యగారి బదులు జగ్గయ్యపేట పాస్టరు వచ్చి బల్ల ఇస్తారు, దానికి జాయిస్ వచ్చి తీసుకెళ్తుంది. జాయిస్ మా సంఘంలో పిల్ల, నన్ను పిన్నీ అంటుంది. రెండోది బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. అక్కడ చల్లగా ఉంటుంది.

ఆయన వరండాలోంచే అడిగాడు. "నువ్వు లేనప్పుడు ఆ సీసా ఎక్కడుంటుంది?"

"మీకెందుకు?"

"ఊరికే."

ఊరికే ఎవరడుగుతారు? ఆ చూపు నాకు నచ్చలేదు. ఆరేళ్ల గీతలూ నేను తిరిగొచ్చేలోపు ఏమవుతాయో. అక్కతో చెప్పుకుని ఏడ్చాను.

మార్చి 2

నిద్ర లేదు. ఈ హోటల్ దుప్పటి బరువు. చెమటలు. బస్సెక్కితే దిగాలని, దిగితే ఎక్కాలని ఉంది. ఏ పుణ్యస్థలంలో ఏం చెప్పారో ఒక్కటీ తలకెక్కలేదు. పొద్దున టీ కప్పు పట్టుకుంటే సాసర్లో టకటకమంది. "ఏంటే ఆ వణుకు" అంది అక్క. చలి అన్నాను. "అందరూ స్వెట్టర్లు విప్పేస్తుంటే నీకొక్కదానికేనా చలి" అంది. దీనికి ప్రతిదీ కావాలి.

మార్చి 4, శనివారం

రాయాలి. ఇది రాయకపోతే తర్వాత నాకు నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

ద్రాక్షగానుగ కొండవాలు మీద ఉంది. రాతిని తొలిచి చేసిన గచ్చు, మా ఇంటి వరండా అంత. ఒక పక్కకి వాలుగా ఉంది. వాలు చివర చిన్న కాలవ, కాలవ కింద నిలువెత్తు గొయ్యి. పైన గచ్చు మీద మనుషులు కాళ్లతో తొక్కితే రసం కాలవలోంచి గొయ్యిలోకి దిగేదట. గచ్చు అంచున రాయి నున్నగా అరిగి ఉంది. తొక్కేవాళ్లు జారకుండా అక్కడ తాడు పట్టుకుని వేలాడేవాళ్లట. నేను చెప్పులు విప్పి ఆ రాయి మీద నిలబడ్డాను. చల్లగా ఉంది. ఎవరు తొక్కారో, ఎందరు తొక్కారో. రెండు వేల ఏళ్ల కిందటి ఆడమనిషి ఎవరో నా పనే చేసిందనిపించి గొప్పగా అనిపించింది.

గైడు పేరు ఇలియాస్. అరవై దాటిన మనిషి. ఆయన ఇంగ్లీషులో చెబుతాడు, అయ్యగారు తెలుగు చేస్తారు. ఆయన అన్నది ఇది: "గచ్చు మీద ఉన్నంతసేపే ఇది జ్యూస్. ఇక్కడి ఎండకి సాయంత్రానికే పులవడం మొదలయ్యేది. గొయ్యిలో మూడు నాలుగు రోజులు పొంగేది. పొంగు తగ్గాక జాడీల్లోకెత్తి మూత పెడితే వైన్."

అయ్యగారు తెలుగు చేశారు. "పైన ఉన్నంతసేపూ ద్రాక్షారసం. గొయ్యిలోకి దిగాక అది, అదేంటంటే, ద్రాక్షారసం అవుతుంది. జాడీల్లో పెడితే ద్రాక్షారసం."

సంఘపెద్ద థామస్ గారు చెయ్యెత్తారు. "మరి మూడిటికీ తేడా ఏంటండీ?"

అందరూ నవ్వారు. అయ్యగారు మెడ తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. ముప్ఫై నాలుగేళ్లు చదువు చెప్పినదాన్ని, నాకు రెండు భాషలూ తెలుసు. నవ్వుతూనే ఆ మాట ఇంకోసారి లోపల అనుకున్నాను. మన భాషలో రెండిటికీ ఒకటే మాట. ఇన్నేళ్లు ఆ మాట వెనకే కూర్చున్నానా?

ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేనెందుకవుతాను? ముందుకెళ్లి ఇలియాస్‌తో ఇంగ్లీషులో చెప్పాను, మా సంఘానికి రసం నేనే చేస్తానని. ఆయనకి ముచ్చటేసింది. ఎలా చేస్తావన్నాడు. పళ్లు, పంచదార, గోధుమలు, అన్నీ చెప్పాను.

"పొంగుతుందా?"

"మొదటి వారమైతే పక్కన నిలబడితే వినపడుతుంది."

"ఎన్ని రోజులుంచుతావు?"

"నలభై."

ఇలియాస్ గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. "మేడమ్, ఆ రోజుల్లో ఇక్కడ పుట్టి ఉంటే రోమన్ సైన్యానికి నువ్వే పోసేదానివి. సైనికులకి దొరికింది పులిసిపోయిన చిరక, వెనిగర్ లాంటిది. నీది అసలైన వైన్. ఇక్కడ అమ్మేదానికన్నా ఘాటుగా ఉంటుంది."

ఇది మాత్రం అయ్యగారు తెలుగు చెయ్యలేదు. కొండ కిందికి చూస్తూ నిలబడ్డారు. "ఏమంటున్నాడే?" అని అక్క నా మోచెయ్యి లాగింది. బాగుంటుందంటున్నాడు అన్నాను.

పక్కనే బల్ల మీద కాగితం కప్పులు పెట్టారు. ఒక వరస జ్యూస్, ఒక వరస వైన్, రుచి చూడటానికి. మావాళ్లంతా జ్యూస్ దగ్గరే ఉన్నారు. తేడా తెలుసుకోవడానికే అనుకుని నేను రెండో వరసలో ఒకటి తీసుకున్నాను. నోట్లో పడగానే మా వంటిల్లు గుర్తొచ్చింది. ఇంకోటి తీసుకున్నాను. మూడోది కూడా. కప్పు కింద పెడుతూ చూసుకుంటే చేతులు వణకట్లేదు. ఐదు రోజుల వణుకు ఆగిపోయింది.

ఆ అరిగిన రాయి మీద కూర్చుండిపోయాను. నలభై రోజుల రసం మొదటిసారి బల్ల మీదకి వచ్చింది నిరుడు జనవరిలో. ఆయన పళ్లెం పక్కకి అందించడం మొదలుపెట్టింది కూడా నిరుడు జనవరిలోనే. పద్నాలుగు నెలలు లెక్కపెట్టాను గానీ, ఈ రెండు జనవరులూ ఒకటేనని చూడలేదు.

రేపు బల్ల. అల్మరాలో సీసా. పిల్లలు కూడా తీసుకుంటారు. అక్క ఫోన్ లాక్కుని ఆయనకి చేశాను.

"ఏవండీ, అల్మరాలో సీసా..."

"లేదు. నిన్ననే ఒంపేశా. రేపటికి పళ్లు పిండి వడకట్టమని జాయిస్‌కి చెప్పా."

"సీసా ఏదని అడగలేదా?"

"చెయ్యి జారి పగిలిందన్నా."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. తర్వాత అడిగాను. "మీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారే. గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నా. వాసన తగిలింది. దించేశా."

"చెప్పొచ్చు కదా."

"చెప్పబోతేనే కదా తాగుబోతు మొగుడన్నావు. ఇంక నా మాట ఎవరు నమ్ముతారు ప్రేమా? పైగా ఆ జాడీ ఒక్కటే నీకు పని. సంఘమంతా టీచరమ్మ రసం అంటుంటే నీ ముఖం చూసేవాణ్ణి." ఫోన్ పెట్టేయబోతూ అన్నాడు. "ఇంకో సంగతి కూడా ఉంది. అది ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

ఆ ఇంకో సంగతి ఏంటో నాకు తెలియదు.

తెలుసు.

మార్చి 9, గురువారం

నిన్న ఇల్లు చేరాం. ఇవాళ పొద్దున్నే జాయిస్ వచ్చింది. "బాబాయ్ గారు సీసా పగిలిందన్నారు పిన్నీ. వంటింట్లో చూస్తే గాజుముక్క ఒక్కటీ లేదు. నేనెవరితోనూ అనలేదులే."

ఎవరితోనూ అనకుండానే ఊరంతా తెలిసింది. బాలస్వామి మళ్లీ మొదలుపెట్టాడట. పెళ్లాం ఊళ్లో లేదని సంస్కారం సీసానే ఎత్తి తాగేశాడట. పద్నాలుగు నెలలుగా బల్ల ముట్టకపోవడానికీ, మొన్న ఆదివారం కూటానికే రాకపోవడానికీ ఇప్పుడు అందరికీ కారణం దొరికింది.

సాయంత్రం అయ్యగారు వచ్చారు. "టీచరమ్మా, ఆ కొండ మీద మాట మన మధ్యే ఉండనివ్వండి. పిల్లలు కూడా తీసుకున్నారు కదా, తల్లిదండ్రులకి ఏం చెబుతాం? ఇకమీదట జాయిస్ పిండుతుంది."

"మరి ఈయన సంగతి అయ్యగారూ?"

"నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారమ్మా."

నాకు హాయిగా అనిపించింది. సిగ్గులేకుండా హాయిగా అనిపించింది. ఆయన పక్కనే కూర్చుని పట్టకారు తుడుచుకుంటున్నాడు.

అయ్యగారు వెళ్లాక ఆ ఇంకో సంగతి ఎత్తాడు. "మధ్యాహ్నాలు లవంగం ఎందుకు నమిలేది?"

"గొంతుకి."

"నేనూ గొంతుకే నమిలేవాణ్ణి" అన్నాడు. పట్టకారు తీసి పెట్టెలో పెట్టేశాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

మార్చి 13

జాడీ కడిగి ఎండలో బోర్లించాను. డ్రమ్ము వెనక సీసా కూడా ఒంపేద్దామని తీశాను. పని పడింది. రేపు.

మార్చి 14

రేపు.

మార్చి 24, శుక్రవారం

క్యారేజీ ఇవ్వడానికి షాపుకెళ్లాను. చెవిటికల్లు నుంచి భవానీప్రసాద్ గారు వచ్చి ఉన్నారు. పదేళ్లుగా ఆయన పొలం మోటార్లన్నీ మా షాపుకే వస్తాయి. వైండింగ్‌కి ఇచ్చిన రెండు మోటార్లనీ తీగ చుట్టకుండానే ఆటోలో ఎక్కిస్తున్నారు.

"ఏమనుకోకు బాలస్వామీ. చెయ్యి నిలకడగా ఉంటేనే కదా ఈ పని. మిరపతోట ఎండిపోతే నేనేం చేసేది?"

"సరేనండి" అన్నాడు ఆయన. మోటారు ఎత్తడానికి సాయం కూడా పట్టాడు. ఆ చేతులు ఎంత నిలకడగా ఉన్నాయో నేను చూశాను. క్యారేజీ పట్టుకున్న నా చెయ్యే గిన్నెల్ని ఆడిస్తోంది.

తాగింది ఆయన కాదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుక మీదకి వచ్చింది కూడా. ఆటో వెళ్లిపోయింది. "ఏం కూర?" అన్నాడు ఆయన. దోసకాయ పప్పు అన్నాను.

ఇంటికొచ్చి డ్రమ్ము జరిపాను. ఏడుస్తూ తాగాను. రుచి చూశాను అని రాయబోయి కొట్టేశాను.

ఏప్రిల్ 1

రేపు మట్టలాదివారం, చేతిలో మట్టలు పట్టుకుని చర్చికెళ్లే రోజు. బల్ల కూడా ఉంది. సాక్ష్యాలకి సమయం ఇస్తారు. ఆరేళ్ల కిందట ఆయన తాగుడు మానినప్పుడు అరగంటసేపు సాక్ష్యం చెప్పింది నేనే. ఆయన్ని పక్కన నిలబెట్టుకుని, ఆయన పడ్డ కాలవలూ పోగొట్టిన పరువూ ఒక్కటి వదలకుండా చెప్పాను. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు.

ఏప్రిల్ 2, ఆదివారం

చెప్పాను.

అయ్యగారు "ఎవరైనా సాక్ష్యం" అనగానే లేచాను. నా ముఖం చూసి అయ్యగారికి అర్థమైంది. "టీచరమ్మా, క్లుప్తంగా" అన్నారు. క్లుప్తంగానే చెప్పాను. నేను చేసిన నలభై రోజుల రసం వైనేనని, తెలియక మీ అందరికీ పోశానని, వాసనతోనే తెలిసి మా ఆయన పద్నాలుగు నెలలు ముట్టలేదని. సీసా పగల్లేదు, తాగలేదు, పిల్లల నోట్లోకి పోకూడదని ఒంపేశాడని. నా పరువు కోసం తన పరువు పోగొట్టుకున్నాడని.

అక్కడ కూర్చుంటే బాగుండేది. కాళ్లు కూర్చోబోయాయి కూడా.

"మా ఇంట్లో తాగుతున్న మనిషి ఉన్నమాట నిజమే. అది నేను" అన్నాను.

జాయిస్ మట్టని నోటికి అడ్డం పెట్టుకుంది. నా వెనకాల ఎవరో "టీచరమ్మా?" అన్నారు, నమ్మలేనట్టుగా. థామస్ గారు మాత్రం ముందు వరస దాకా వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు.

బల్ల మొదలైంది. జాయిస్ పిండిన రసం, లేత రంగులో ఉంది. పళ్లెం ఆయన దగ్గరికి వచ్చింది. గ్లాసు తీసుకుని వాసన చూశాడు. అందరూ చూస్తున్నారని తెలిసి కూడా చూశాడు. తర్వాత తాగాడు. ఆడవాళ్ల వరసలో పళ్లెం నా దగ్గరికి వచ్చింది. నేను పక్కకి అందించేశాను.

సాయంత్రం ఆయన షాపు దాకా వెళ్లొచ్చాడు. గుమ్మంలో నేను ఆయన్ని ఆపలేదు. నేనే ఎదురుగా నిలబడ్డాను. "నా నోరు వాసన చూడండి."

"నాకెందుకు? నువ్వు చెప్పు, చాలు."

ఆరేళ్లలో రెండు వేల సాయంత్రాలు ఆయన్ని ఇదే గుమ్మంలో ఆపాను. చెప్పు, చాలు అని ఒక్కసారి కూడా అనలేదు.

"పొద్దున తాగాను" అన్నాను. "చర్చికి బయల్దేరే ముందు. ధైర్యానికి."

ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. "ఇంకా ఉందా?"

"డ్రమ్ము వెనక. అడుగున కాస్త."

"నేను ముట్టుకోను ప్రేమా. మొన్న ఆ సీసా ఒంపడానికే చచ్చినంత పనైంది, మళ్లీ ముట్టుకుంటే నా సంగతి నేను చెప్పలేను. నువ్వే పారబోసెయ్."

పెరట్లో తూము దగ్గర కూర్చుని ఒంపాను. ఆయన గేటు దగ్గర, రోడ్డు వైపు తిరిగి, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. రెండు చెంబుల నీళ్లు కొట్టాను. సీసా కూడా కడిగాను.

లోపలికొచ్చి కేలండర్ దగ్గర తన గడిలో గీత పెట్టుకున్నాడు. దాని కింద నాకూ ఒకటి పెడతాడేమోనని చూశాను. పెట్టలేదు.

"ఇవాళ నీకు లేదు" అన్నాడు. పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు. "రేపు సాయంత్రం నువ్వే గీసుకో. నిజమైతేనే."